గ్యాస్ట్రో క్లినిక్ బోర్డు మీద అయిదుగురి పేర్లున్నాయి, ఎవరికి టోకెన్ తీసుకోవాలి?

మీ అమ్మగారికి భోజనం చేశాక కుడివైపు డొక్కలో నొప్పి వస్తోందని, క్లినిక్‌కి ఫోన్ చేస్తే "మెడికల్ గ్యాస్ట్రోనా, సర్జికల్ గ్యాస్ట్రోనా, లివర్ డాక్టరా, ఎవరికి రాయమంటారు?" అని అడిగారని రాశారు. అసలు ఆ ప్రశ్న పేషెంటును అడగడమే తప్పు. జబ్బేమిటో తెలిస్తే మనం క్లినిక్‌కి ఎందుకు ఫోన్ చేస్తాం? నేను డాక్టర్ని కాదు, బ్యాంకులో పనిచేస్తాను. కానీ ఈ టోకెన్ విషయంలో మా ఇంట్లో ఎంత నష్టం జరగబోయి తప్పిందో చెప్తాను. మీకు పనికొస్తుంది.

మా నాన్నగారు రిటైరైన టీచరు. సత్తెనపల్లి దగ్గర పల్లెటూళ్లో అమ్మా ఆయనా ఉంటారు. మూడేళ్ల క్రితం శ్రావణమాసం వెళ్లాక ఆయనకు ఒళ్లంతా దురద మొదలైంది. దద్దుర్లు లేవు, పొక్కులు లేవు, ఒట్టి దురద. రాత్రిపూట నిద్రపట్టక లేచి వెళ్లి వీధి గుమ్మానికి వీపు రాసుకునేవారట. వరలక్ష్మీ వ్రతానికి అమ్మ గుమ్మాలకు పూసిన పసుపు ఇంకా అలాగే ఉంది. పొద్దున చూస్తే బనియన్ వీపు మీద పచ్చటి మరకలు. తర్వాత మెడ దగ్గర, చంకల్లో కూడా పచ్చగా కనబడితే "అది గుమ్మం పసుపే అనుకున్నానే" అని అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది. ఓ రోజు ఎండలో నిలబడి పేపరు చదువుతుంటే పక్కింటి ఆవిడ చూసి "మాస్టారి కళ్లు చూశారా, పచ్చగా ఉన్నాయి" అంది. అప్పుడు తెలిసింది కామెర్లని.

కామెర్లంటే మన ఊళ్లలో ఏం చేస్తారో మీకు తెలుసు. పసరు. పరగడుపున ఆకు పసరు, ఉప్పు లేకుండా, నూనె లేకుండా మజ్జిగన్నం, పదకొండు రోజులు పత్యం. నాకు ఫోన్ చేసి చెప్పలేదు, "టెన్షన్ పడతావని" అన్నారు. ఈ పసరు మీద నాకున్న కోపం అంతా ఇంతా కాదు. నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ తగ్గిన పేరంతా పసరుకి వెళ్తుంది. కానీ కామెర్లు అనేది జబ్బు పేరు కాదు, లక్షణం పేరు. జ్వరం లాంటిదే. లివర్ వాచినా వస్తుంది, రక్తకణాలు ఎక్కువగా విరిగిపోయినా వస్తుంది, లివర్ నుంచి పేగుకి పైత్యరసం తీసుకెళ్లే గొట్టం మూసుకుపోయినా వస్తుంది. గొట్టంలో రాయి ఇరుక్కుంటే ఏ ఆకు పసరూ దాన్ని కదిలించలేదు. ఆ పదకొండు రోజుల్లో మా నాన్నగారు ఆరు కిలోలు తగ్గారు.

పన్నెండో రోజు టౌన్లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. సెలైన్ ఎక్కించి, లివర్ టానిక్ రాసి, స్కానింగ్ తీయించారు. కామెర్లు ఎంత ఉన్నాయో చెప్పే బిలిరుబిన్ 14 ఉంది. ఒకటికి అటూ ఇటూ ఉండాల్సింది. ఇక్కడ నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం ఏమిటంటే, స్కానింగ్ రిపోర్టులో అంతా రాసే ఉంది. గాల్ బ్లాడర్‌లో రాళ్లు ఉన్నాయని, పైత్యనాళం 13 మిల్లీమీటర్లకు ఉబ్బి ఉందని. మామూలుగా ఆరేడు మిల్లీమీటర్లు దాటకూడదట. ఆ రెండు వాక్యాలు తెలిసినవాళ్లు ఎవరైనా చదివి ఉంటే అదే రోజు దారి దొరికేది. కానీ మా బాబాయి, "కామెర్లు కదా, లివర్ పెద్ద డాక్టర్ని కలవాలి" అన్నారు. అందరూ సరే అన్నారు. నేనూ అన్నాను.

హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రి, పేరు అనవసరం. కౌంటర్లో అమ్మాయి "ప్రాబ్లం ఏంటి?" అంది. "కామెర్లు" అన్నాను. "అయితే లివర్ డాక్టర్, టోకెన్ నలభై ఆరు" అంది. ఫైలు తెరవలేదు. స్కానింగ్ కాగితం చూడలేదు. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే ఒంటిగంటకి పద్దెనిమిదో నంబరు నడుస్తోంది. అప్పుడు నాన్నగారికి చలి మొదలైంది. ఏసీ వల్ల అనుకుని నా చున్నీ కప్పాను. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, ఇనుప కుర్చీ ఊగుతోంది. కౌంటరు దగ్గరికి వెళ్లి చెప్తే "మీ నంబర్ వస్తుంది మేడమ్" అంది. మళ్లీ వెళ్లాను, అదే మాట. చివరికి అటుగా వెళ్తున్న నర్సు ఒకావిడ నాన్నగారి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, ఏమీ మాట్లాడకుండా వీల్‌చైర్ తెప్పించి నేరుగా డాక్టరు గదిలోకి తోసుకెళ్లింది. ఆవిడ పేరు అడగడం కూడా మర్చిపోయాను.

ఆ లివర్ డాక్టరుకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను, ఆయన మాకు వైద్యం చేయకపోయినా. ముందు కాగితాలు అడగలేదు. నాన్నగారి వైపు ఒంగి మూడు ప్రశ్నలు వేశారు.

"మాస్టారూ, దురద ఉందా?"

"ఉందండి."

"యూరిన్ ముదురుగా వస్తోందా?"

"టీ డికాషన్‌లా వస్తోందండి."

"మోషన్ ఏ రంగులో వస్తోంది?"

నాన్నగారు మాట్లాడలేదు. నా వైపు చూశారు, నేల వైపు చూశారు. డాక్టరు నన్ను కాసేపు బయట నిలబడమన్నారు. తలుపు పూర్తిగా పడలేదు, వినిపించింది. "సున్నంలా అండి. తెల్లగా. పదిరోజులైంది."

పదిరోజులుగా ఆయనకు తెలుసు. అమ్మకు చెప్పలేదు, పసరు ఇచ్చినాయనకు చెప్పలేదు, టౌన్లో డాక్టరుకీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. మలానికి ఆ రంగు వచ్చేదే పైత్యరసం వల్ల. అది పేగులోకి దిగకపోతే తెల్లబడుతుంది. దిగాల్సింది వెనక్కి రక్తంలో కలిసి కళ్లు పచ్చబడతాయి, ఒళ్లు దురద పెడుతుంది.

నన్ను లోపలికి పిలిచి ఆయన ల్యాబ్ రిపోర్టు వెనకవైపు పెన్నుతో బొమ్మ వేశారు. ఆ కాగితం ఇంకా మా ఫైల్లో ఉంది. పైన పెద్ద గుమ్మడికాయ ముక్కలా లివరు. దాని కింద చిన్న సంచి, గాల్ బ్లాడర్. రెండింటి నుంచీ వచ్చి కలిసే గొట్టం. ఆ గొట్టం కిందికి దిగి, జీర్ణరసాలు తయారుచేసే ప్యాంక్రియాస్ నుంచి వచ్చే ఇంకో గొట్టంతో కలిసి పేగులోకి తెరుచుకునే చోట నల్లగా ఒక చుక్క పెట్టారు. "లివర్ బాగానే ఉందమ్మా. రాయి ఇక్కడ ఇరుక్కుంది. చలిజ్వరం వచ్చిందంటే గొట్టంలో ఇన్‌ఫెక్షన్ కూడా చేరింది. రేపటిదాకా ఆగకూడదు. ఇది నేను చేసే పని కాదు" అని, ఆయనే ఫోన్ తీసి ఇంకో డాక్టరుతో మాట్లాడారు.

మీ ప్రశ్నకు జవాబు ఆ బొమ్మలోనే ఉంది. లివర్ కండకే జబ్బు వస్తే, అంటే హెపటైటిస్ బి, సి, బాగా ముదిరిన ఫ్యాటీ లివర్, లివర్ గట్టిపడిపోయే సిర్రోసిస్, లివర్ మార్పిడి దాకా వెళ్లే కేసులు, హెపటాలజిస్టువి, అంటే లివర్ డాక్టరువి. గొట్టంలో అడ్డం పడితే నోట్లోంచి పైపు పంపి తీసేవాళ్లు వేరు. వాళ్లూ మెడికల్ గ్యాస్ట్రో డాక్టర్లే, కానీ ఆ పైపు పద్ధతి ఈఆర్‌సీపీ, లోపలినుంచే స్కానింగ్ చేసే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ మీద ప్రత్యేకంగా చెయ్యి తిరిగినవాళ్లు. ఆ సంచినే కోసి తీసేయాలంటే సర్జికల్ గ్యాస్ట్రో. బోర్డు మీద డిగ్రీ చూస్తే తేడా తెలిసిపోతుంది. ఎండీ తర్వాత ఇంకో మూడేళ్లు చదివి డీఎం చేసినవాళ్లు మందులు, ఎండోస్కోపీల వైపు. ఎంఎస్ తర్వాత మూడేళ్లు చదివి ఎంసీహెచ్ చేసినవాళ్లు ఆపరేషన్ల వైపు. నేషనల్ బోర్డు ఇచ్చే డీఎన్‌బీ, డీఆర్‌ఎన్‌బీ అని ఉంటే దేంట్లో చేశారో పక్కన రాసి ఉంటుంది, చదవండి. ఏ సబ్జెక్టో రాయకుండా పేరు కింద ఇంగ్లిష్ అక్షరాల దండ వేసుకునే బోర్డులంటే నాకు ఒళ్లు మంట. పల్లెటూరి నుంచి వచ్చినవాళ్లకు అది ఏం చెప్తుంది? పేరు కింద "పైత్యనాళం రాళ్లు", "పెద్దపేగు జబ్బులు", "మింగుడుపడకపోవడం" అని తెలుగులో ఒక్కో ముక్క రాస్తే సగం టోకెన్ల గోల తగ్గుతుంది.

ఆ రాత్రే ఈఆర్‌సీపీ చేశారు. బోర్లా పడుకోబెట్టి, మత్తిచ్చి, కెమెరా పక్కకు చూసే ప్రత్యేకమైన ఎండోస్కోపు చిన్నపేగు మొదటిదాకా పంపుతారు. గొట్టం మూతిని కొద్దిగా కోసి, చిన్న బెలూన్‌తో రాళ్లను కిందికి లాగేస్తారు. పొట్ట మీద గాటు ఉండదు. నాన్నగారికి కందిగింజంత రాళ్లు మూడు వచ్చాయి. ఇంకా వాపు ఉందని, గొట్టం తెరుచుకుని ఉండేలా లోపల ప్లాస్టిక్ స్టెంట్, అంటే సన్నటి పైపు ముక్క, పెట్టారు. దీని తర్వాత కొంతమందికి ప్యాంక్రియాస్ వాచే ప్రమాదం ఉంటుందని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. అందుకే మర్నాడు ఆ వాపు ఉందో లేదో చెప్పే లైపేజ్ రక్తపరీక్ష చేసి గానీ మంచినీళ్లు ఇవ్వలేదు. ఇది మామూలు ఎండోస్కోపీ లాంటిది కాదు, రోజూ చేసే చెయ్యే చేయాలి.

1974కి ముందు ఇలాంటి రాయికి పొట్ట కోయడమే మార్గం. ఆ ఏడాది జర్మనీలోనూ జపాన్‌లోనూ లోపలినుంచే గొట్టం మూతి కోసే పద్ధతి మొదలుపెట్టారు. ఇవాళ అదే పని నేర్చుకోవడానికి బయటి దేశాల డాక్టర్లు కూడా హైదరాబాద్ వస్తున్నారంటే కర్నూలు మెడికల్ కాలేజీలో చదువుకున్న డి. నాగేశ్వర్ రెడ్డి గారి లాంటివాళ్ల వల్లే. 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ ఇచ్చారు ఆయనకి. ఇంత గొప్ప వైద్యం మన ఊళ్లోనే పెట్టుకుని పదకొండు రోజులు పసరు తాగించాం.

మూడో రోజు పొద్దున నేను కాఫీ తీసుకుని వార్డులోకి వెళ్తే నాన్నగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. "అమ్మాయ్, పసుపుపచ్చగా వచ్చింది" అన్నారు. ఎప్పుడూ అలాంటి మాట నా ముందు అనని మనిషి. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

జ్వరం పూర్తిగా తగ్గాక, రెండు వారాలకు సర్జికల్ గ్యాస్ట్రో డాక్టరు ల్యాప్రోస్కోపీలో గాల్ బ్లాడర్ తీసేశారు. సంచి అలాగే ఉంటే మళ్లీ రాళ్లు జారతాయి కాబట్టి. స్టెంట్ మాత్రం అప్పటికి ఇంకా లోపలే ఉంది. ఈ విషయం చాలామంది మర్చిపోతారు. ప్లాస్టిక్ స్టెంట్‌ను డాక్టరు చెప్పిన తేదీకి తీయించేయాలి, సాధారణంగా మూడు నెలలు దాటనివ్వరు. ఇంటికొచ్చాక నొప్పి ఉండదు కాబట్టి ఎవరికీ గుర్తుండదు. అదే వార్డులో ఒకాయన ఏడాదిన్నర అలాగే వదిలేసి, అది పూడిపోయి మళ్లీ చలిజ్వరంతో వచ్చారు. మా నాన్నగారు ఇంట్లో గోడమీద వెంకట్రామా క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ పేపర్లు దిద్దే ఎర్రపెన్నుతో సున్నా చుట్టి పెట్టుకున్నారు. ఆ రోజుకి తీయించేశాం.

మీ అమ్మగారి విషయానికి వస్తాను. మన ఇళ్లలో డొక్కనొప్పి, ఛాతీ మంట, కడుపుబ్బరం అన్నిటికీ "గ్యాస్" అని ఒకటే పేరు. మెడికల్ షాపుకి వెళ్లి యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ స్ట్రిప్పు కొనుక్కోవడం, నెలల తరబడి పరగడుపున వేసుకోవడం. కడుపులో పుండు చాలామందికి హెలికోబాక్టర్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుందని కనిపెట్టినందుకు 2005లో ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లకు నోబెల్ ఇచ్చారు. దానికి రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సు ఉంది. ఆ పరీక్ష చేయించుకోకుండా ఏళ్లకేళ్లు గ్యాస్ బిళ్లలు మింగేవాళ్లు మా ఆఫీసులోనే నలుగురున్నారు. చెమటలు పట్టి ఛాతీ బరువెక్కితే మాత్రం అది గ్యాస్ అనుకోకుండా ముందు ఈసీజీ తీయించాలి, గ్యాస్ట్రో డాక్టరు తర్వాత.

కుడివైపు డొక్కలో తిన్నాక, ముఖ్యంగా నూనె వంటలు తిన్నాక నొప్పి వస్తోందంటే గాల్ బ్లాడర్ రాళ్లు కావచ్చు, మరొకటి కావచ్చు. సర్జన్ దగ్గరికి మొదటే వెళ్లకండి, లివర్ డాక్టర్ దగ్గరికీ వద్దు. మెడికల్ గ్యాస్ట్రోకి టోకెన్ రాయించండి. ఆయన చూసి ఎవరి దగ్గరికి పంపాలో పంపుతారు. పొద్దున ఏమీ తినకుండా తీసుకెళ్లండి, స్కానింగ్ అప్పటికప్పుడు తీయించవచ్చు. పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లి, స్కానింగ్ కాగితంలో గాల్ బ్లాడర్ గురించి, పైత్యనాళం గురించి ఏం రాశారో చదివి వినిపించమని డాక్టర్నే అడగండి. కళ్లు పచ్చబడి, చలిజ్వరం కూడా ఉంటే టోకెన్ తీసుకోవద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.

ఇంకో మాట. మోషన్ రంగు మీరు అడిగితే అమ్మగారు చెప్పకపోవచ్చు. మీ పిన్నితోనో, అత్తయ్యతోనో అడిగించండి, ఈ రాత్రికే.