సార్బిట్రేట్ వేసుకుంటే తలనొప్పి.. మానేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 61, మాది కరీంనగర్. రెండేళ్ల క్రితం ఆంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి) అన్నారు. ఆపరేషన్, స్టెంట్ వద్దనుకుని మందులతోనే నెట్టుకొస్తున్నా. మోనోట్రేట్ 20 ఉదయం ఎనిమిదికి, రాత్రి తొమ్మిదికి వేసుకుంటా. నొప్పి వస్తే సార్బిట్రేట్ 5 నాలుక కింద పెట్టుకుంటా. మునుపు నెలకు ఒకటో రెండో పట్టేవి, ఈ మూడు వారాలుగా వారానికి నాలుగైదు అవుతున్నాయి. మెట్లెక్కినప్పుడే కాదు, అన్నం తిన్నాక, ఒకరోజు రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి వచ్చింది. కానీ మాత్ర పెట్టగానే తగ్గిపోతోంది. నా బాధంతా తలనొప్పితోనే, మాత్ర వేసుకుంటే తల పగిలిపోతోంది. మా బావమరిదికి ఛాతీ పట్టేస్తే ఇదే ఇచ్చాను, ఆయనకు తలనొప్పేమీ రాలేదు. ప్రోస్టేట్‌కు కూడా ఒక మాత్ర వాడుతున్నా. తలనొప్పి రాని మాత్ర ఏదైనా ఉంటే చెప్పండి.

డాక్టర్ సలహా: తలనొప్పి సంగతి తర్వాత చూద్దాం. నెలకు ఒకటీ రెండూ అయ్యేది వారానికి నాలుగైదుకు వచ్చిందని, పడుకున్నప్పుడు కూడా నొప్పి వచ్చిందని రాసి, వెంటనే ‘కానీ తగ్గిపోతోంది’ అని దాటేశారు చూశారా, నాకు భయం వేసింది అక్కడే. ఇన్నాళ్లూ ఎంత నడిస్తే, ఎన్ని మెట్లెక్కితే వస్తుందో తెలిసిన నొప్పి ఇప్పుడు తక్కువ శ్రమకు, ఊరికే ఉన్నా వస్తోందంటే దాన్ని మేం అన్‌స్టేబుల్ ఆంజైనా అని అనుమానిస్తాం, గుండెపోటుకు ముందు చాలామందిలో కనిపించేది ఇదే. మిమ్మల్ని పరీక్షించకుండా అదేనని తేల్చి చెప్పలేను, కాకపోతే మంచిదే. కానీ అవునో కాదో ఇంట్లో కూర్చుని తేలేది కాదు. ఇది చదివిన రోజే, రేపో ఎల్లుండో కాదు, కార్డియాలజిస్టు ఉన్న ఆసుపత్రికి వెళ్లండి, మీరే బండి నడుపుకుంటూ మాత్రం వెళ్లకండి.

అక్కడ నొప్పి లేని సమయంలో తీసిన ఈసీజీ బాగానే ఉందన్నంత మాత్రాన లేచి వచ్చేయకండి. గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో రెండోసారి చేయాల్సి రావచ్చు, ఎకో, అవసరమైతే ఆంజియోగ్రాం అంటారు. రెండేళ్ల కింద స్టెంట్ వద్దనుకున్నారు సరే, అప్పటి పరిస్థితి వేరు, ఇప్పుడు మళ్లీ మాట్లాడాల్సిందే.

సార్బిట్రేట్‌తో నొప్పి తగ్గుతోంది కదా అనే ధీమా దగ్గరే ఎక్కువ మంది మోసపోతారు. ఈ మందు రక్తనాళాలను, ముఖ్యంగా సిరలను వదులు చేస్తుంది, దాంతో గుండెకు తిరిగొచ్చే రక్తం కాస్త తగ్గి దాని మీద భారం తగ్గుతుంది, నొప్పి పోతుంది. నాళంలో పూడిక ఎక్కడికీ పోదు, ఆ పూడిక చిట్లి దాని మీద రక్తం గడ్డకడుతుంటే ఆపే శక్తీ ఈ మాత్రకు లేదు. ఉపశమనం దొరికేకొద్దీ మనిషి ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేస్తాడు. రోజూ ఓపీలో చూసేదే ఇది, నాలుగు రోజులుగా మాత్రలతో సర్దుకుని ఐదో రోజు అంబులెన్స్‌లో వస్తారు.

ఇక వేసుకునే పద్ధతి. నొప్పి మొదలవగానే చేస్తున్న పని ఆపి కూర్చోండి. నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి కళ్లు తిరిగి పడొచ్చు, రాత్రిపూట బాత్రూంలో గడియ పెట్టుకుని అసలే వద్దు. మాత్ర నాలుక కిందే కరగాలి, మింగేస్తే పని చేయడం ఆలస్యమవుతుంది. నోరు ఎండిపోయి ఉంటే ముందు ఒక గుక్క నీళ్లతో తడుపుకోండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోయినా, పెరుగుతున్నా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయాలి. ‘ఇంకొకటి వేసి చూద్దాం, అప్పటికీ తగ్గకపోతే చేద్దాం’ అనేది వద్దు, ముందు ఫోన్, తర్వాత రెండో మాత్ర. ఐదేసి నిమిషాల ఎడంతో మొత్తం మూడుకు మించకూడదు. కళ్లు తిరుగుతుంటే మాత్రం ఇంకోటి పెట్టకుండా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టమని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. పర్సులో నెలల తరబడి నలిగిన స్ట్రిప్ అయితే గడువు తేదీ కూడా ఒకసారి చూడండి.

మోనోట్రేట్ టైమింగ్ గురించి ఒక మాట. ఉదయం ఎనిమిది, రాత్రి తొమ్మిది అంటే దాదాపు ఇరవై నాలుగు గంటలూ మందు ఒంట్లో ఉంటోంది, అలా ఉంటే శరీరం దానికి అలవాటు పడి మందు పట్టు తగ్గిపోతుంది. అందుకే మామూలు మోనోట్రేట్‌ను రోజుకు రెండుసార్లు రాసినా రెండో మాత్ర మొదటిదానికి ఏడు గంటల తర్వాత, అంటే ఉదయం ఎనిమిదికి ఒకటి, మధ్యాహ్నం మూడుకు ఒకటి వేసుకోమంటాం, రాత్రి ఖాళీ ఉంటుంది. మీ చీటీలో ఏం రాశారో నాకు తెలియదు, పైగా మీకు రాత్రి నొప్పి వచ్చింది కాబట్టి ఆ ఖాళీ ఎప్పుడు ఇవ్వాలో మీ డాక్టరే తేల్చాలి. మీరుగా మార్చకండి. ఒక్కసారిగా మానేయకండి కూడా, మానేస్తే నొప్పి మునుపటికంటే ఎక్కువగా తిరగబెట్టొచ్చు.

తలనొప్పికి ఇప్పుడు జవాబు. మెదడు చుట్టూ ఉన్న నాళాలు కూడా వదులవడం వల్ల వస్తుంది, మందు కొత్తలో, డోసు పెరిగినప్పుడు ఎక్కువ, చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. మీకు లివర్ సమస్య లేకపోతే పారాసిటమాల్ సరిపోతుంది. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు అవి మంచివి కావు. అప్పటికీ భరించలేకపోతే డోసు తగ్గించవచ్చు, వేరే రకం ఆంజైనా మందులూ ఉన్నాయి. పేర్లు ఇక్కడ రాయను, రాస్తే సాయంత్రానికి కొనేస్తారు.

బావమరిది విషయం చదివి నిజంగా కోపం వచ్చింది. సార్బిట్రేట్ పంచిపెట్టే చాక్లెట్ కాదండీ. బీపీ అప్పటికే పడిపోయి ఉంటే, గుండె కుడివైపు గదిని దెబ్బతీసే రకం గుండెపోటు అయితే, గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని అయోర్టిక్ కవాటం బాగా సన్నబడి ఉంటే ఈ ఒక్క మాత్రతో మనిషి కుప్పకూలిపోవచ్చు. గుండెపోటు కిట్ అంటూ నాలుగు మాత్రల పేర్లతో వాట్సాప్‌లో తిరిగే మెసేజులు ఈ సంగతి చెప్పవు. తగ్గింది కాబట్టి గుండె నొప్పే అని గానీ, తలనొప్పి రాలేదు కాబట్టి ఆయనకు బాగా పడిందని గానీ అనుకోవడానికి లేదు, అన్నవాహిక బిగుసుకుని వచ్చే నొప్పి కూడా దీనితో తగ్గుతుంది. ఆయన్ను కూడా డాక్టర్‌కు చూపించండి.

చివరిది, మీరు మందు పేరు రాయకుండా వదిలేసింది. ప్రోస్టేట్ మాత్ర స్ట్రిప్ తీసి ఇప్పుడే చూడండి. టామ్సులోసిన్ అయితే లేచి నిలబడేటప్పుడు బీపీ మరింత పడొచ్చు, జాగ్రత్త చాలు. టడలాఫిల్ అని ఉంటే మాత్రం ఇక వేసుకోకండి. అది ప్రోస్టేట్‌కు కూడా రోజూ 5 మిల్లీగ్రాములు రాస్తారు, నైట్రేట్‌లతో, అంటే మీరు వాడే సార్బిట్రేట్, మోనోట్రేట్ లాంటి మందులతో కలిస్తే బీపీ ప్రాణాపాయం అయ్యేంతగా పడిపోగలదు. ఇంతవరకూ ఏం కాలేదు కదా అనొద్దు. సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) వేసుకున్న 24 గంటల వరకు, టడలాఫిల్ అయితే 48 గంటల వరకు సార్బిట్రేట్ పెట్టుకోకూడదు, ఆ లోపు నొప్పి వస్తే నేరుగా 108. శక్తి కోసమని అమ్మే మూలికా గుళికల్లోనూ సిల్డెనాఫిల్ కలిపి పట్టుబడ్డ సందర్భాలున్నాయి, అలాంటివి వాడుతుంటే సిగ్గుపడకుండా చెప్పండి. యూరాలజిస్టుకు గుండె మందులు, గుండె డాక్టర్‌కు ప్రోస్టేట్ మందు చూపించకపోవడం మన దగ్గర మామూలైపోయింది. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లి క్యాజువాలిటీలో డాక్టర్ చేతికి ఇవ్వండి, టడలాఫిల్ ఉంటే చివరిసారి ఎన్ని గంటలకు వేసుకున్నారో కూడా చెప్పండి.