సైకిలెక్కబోతున్న మా అమ్మడికి

అమ్మడూ,

సోమవారం నుంచి ఆసుపత్రిలో సైకిల్ వ్యాయామం మొదలుపెడుతున్నావని, అంతకుముందు ముఖానికి మాస్కు తగిలించి నీ శరీరం నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో కొలుస్తారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలి ఏడాదైనా కాకముందే నువ్వు ఇంత ధైర్యం చేస్తున్నందుకు నాకెంతో గర్వంగా ఉంది. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పరీక్షకు ముందు కడుపు నిండా తినకు. వాడే మందులన్నీ చెప్పు. జ్వరముంటే వెళ్లకు.

నాకూ ఇదే జబ్బు బయటపడిన రెండో ఏడు, మే నెలలో, ఎండ తగ్గిందనుకుని సాయంత్రం విజయవాడ కాలువ గట్టు మీద నడకకు వెళ్లాను. పావుగంటకల్లా ఎడమ కన్ను మసకబారింది, కుడి పాదం ఈడ్చుకుపోసాగింది. కాలి చెప్పు ఊడి వెనకే ఉండిపోయినా నాకు తెలియలేదు. ఇంటికొచ్చి తడిగుడ్డ మెడకు చుట్టుకుని ఫ్యాను కింద కూర్చుంటే గంటలోపే చూపు తేటపడింది. పైన తొడుగులా ఉండే మైలిన్ పొర దెబ్బతిన్న నరాల్లో ఒళ్లు కాస్త వేడెక్కినా సంకేతాలు తడబడతాయని, చల్లబడగానే సర్దుకుంటాయని నాకప్పుడు తెలియదు. ఉథాఫ్ అనే జర్మన్ వైద్యుడు 1890లోనే దీన్ని గమనించి రాశాడు. నేను మాత్రం జబ్బు ముదిరిందని హడలిపోయాను. కదలకుండా శక్తి దాచుకోమని ఒక వైద్యుడు అనేసరికి ఆరేళ్లు అలాగే దాచుకున్నాను. బజారు మానేశాను, మేడ మెట్లు మానేశాను, తులసికోటకు నీళ్లు కూడా మీ మామయ్యే పోసేవారు. చివరికి స్నానాల గది నుంచి మంచం దాకా వస్తేనే ఆయాసం వచ్చేది. ఆ ఆయాసంలో చాలా భాగం జబ్బు వల్ల కాదు, వాడకపోవడం వల్ల గుండె, కండరాలు ఆక్సిజన్ వాడుకునే సత్తా పోగొట్టుకున్నందువల్లనని నాకు చెప్పినవారు లేరు.

1996లో అమెరికాలోని యూటాలో ఈ జబ్బున్నవారి చేత వారానికి మూడుసార్లు, నలభై నిమిషాల చొప్పున, పదిహేను వారాలు వ్యాయామం చేయిస్తే ఆ సత్తా సుమారు 22 శాతం పెరిగింది. ఆ సంగతి చదివిన రోజు, పోయిన ఆరేళ్లను తలుచుకుని వంటింట్లో కూర్చుని ఏడ్చాను తల్లీ.

అందుకే చెబుతున్నాను, సైకిల్ మీద కన్ను మసకబారితే దిగి, చల్లబడి, ఎంతసేపటికి తేటపడిందో కాగితం మీద రాసుకో. కొత్త లక్షణం ఇరవై నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే వెంటనే వైద్యురాలికి ఫోను చెయ్యి. అంతేగాని వ్యాయామం మాత్రం నీ అంతట నువ్వే మానెయ్యకు. ఈ జబ్బులో గుండె వేగం ఒక్కోసారి శ్రమకు తగ్గట్టు పెరగదు గనుక గడియారంలో కనిపించే అంకెనే నమ్ముకోకుండా, తొక్కుతూ ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలుగుతున్నావో లేదో చూసుకో. మూత్రం తొందర పెడుతుందని నీళ్లు మానేస్తావేమో, ఆ పని చేశావంటే ఊరుకోను. నేనూ అదే చేసి ఒళ్లు మరింత వేడెక్కించుకున్నాను.

ఆదివారం రాత్రి బండికి హైదరాబాదు వస్తున్నాను, ఫ్లాస్కులో ఐసునీళ్లు, రెండు తుండుగుడ్డలు తెస్తాను. మాస్కు తగిలించాక మాట్లాడటం కుదరదు గనుక, ఆపమనడానికి చేత్తో ఏ సైగ చెయ్యాలో ముందే అడిగి తెలుసుకో.

నీ మేనత్త