బోరు నీళ్లు తియ్యగానే ఉన్నాయి, మరి బాబు పళ్ల మీద ఆ మచ్చలేంటి?

ప్రశ్న: నమస్తే డాక్టర్ సార్. మాది చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాల ఒక ఊరు. ఆరేండ్ల కింద ఇంట్లనే బోరేయించినం, 240 ఫీట్లు. అంతకు ముందు బాయి నీళ్లే తాగేటోళ్లం. బోరు నీళ్లు తియ్యగుంటయ్, సబ్బు మంచిగ నురగొస్తది. మా బాబుకు ఎనిమిదేండ్లు, కొత్తగొచ్చిన ముందల పండ్ల మీద సున్నం పూసినట్టు తెల్ల మచ్చలు, సన్నగ గోధుమ గీతలు, ఎంత తోమినా పోతలేవ్ (ఫోటో పంపిన). అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. పక్కింటామె ఫ్లోరైడ్ అంటుంది. మా తమ్ముడేమో మీటర్ పెట్టి టీడీఎస్ 380 ఉంది, నీళ్లు ఫస్ట్‌క్లాస్ అన్నడు. కాచి తాగితే సరిపోతదా? ఇంట్ల రెండేండ్ల పాప కూడ ఉంది.

జవాబు: అమ్మా, ముందు కాచే సంగతి. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు, పైగా కొన్ని నీళ్లు ఆవిరైపోతాయి కాబట్టి గిన్నెలో మిగిలినవాటిలో అది ఇంకాస్త చిక్కబడుతుంది. ఇక మీ తమ్ముడి మీటర్, పాపం దాని తప్పేం లేదు, అది నీళ్లలో కరిగిన ఉప్పులన్నిటినీ కలిపి ఒక అంకె చూపిస్తుంది అంతే, ఏ ఉప్పు ఎంతో చెప్పదు. ఫ్లోరైడ్ లీటరుకి 3 మిల్లీగ్రాములు ఉందనుకోండి, అంటే గరిష్ట లిమిట్ 1.5కి డబుల్, అయినా ఆ 380లో అదొక మూల, మీటర్‌కి అంతుపట్టదు. రంగుండదు, వాసనుండదు, రుచుండదు. మీరు గొప్పగా చెప్పిన ఆ సబ్బు నురగ ఉంది చూశారూ, నాకు అదే కొంచెం డౌటు: నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ని పట్టి కిందికి దించేస్తుంది, కాల్షియం తక్కువుండి సబ్బు బాగా నురగొచ్చే మెత్తటి నీళ్లలోనే ఫ్లోరైడ్ హాయిగా కరిగి ఉంటుంది. అలాగని తియ్యటి నీళ్లన్నీ చెడ్డవని కాదు, నాలుకని నమ్మొద్దంటున్నా.

ఇది ఎవరో కలిపిన విషం కాదు, రాయిలోంచి వచ్చేది. గ్రానైట్ లాంటి గట్టి రాళ్ల పగుళ్లలో నీళ్లు ఏళ్ల తరబడి నిలవుంటే రాయిలోని ఫ్లోరైడ్ మెల్లగా దిగుతుంది, అందుకే మామూలుగా లోతు బోర్లలో ఎక్కువ, ఏటా వానకి నిండే బావుల్లో తక్కువ. మన తెలుగువాళ్లకి నల్గొండ కథ తెలుసు, 1937లోనే ఇప్పటి ప్రకాశం జిల్లా వైపు పల్లెల్లో ఫ్లోరైడ్‌తో పళ్లూ ఎముకలూ పాడయ్యే ఈ జబ్బుని (ఫ్లోరోసిస్) గుర్తించారు, మీ వైపు చంద్రపూర్, యవత్మాల్, నాందేడ్ జిల్లాల భూగర్భ నీళ్లలోనూ ఫ్లోరైడ్ చాలాచోట్ల తేలింది. కానీ పక్కింటి బోర్లో ఉంటే మీ బోర్లో ఉన్నట్టు కాదు, లేకపోతే లేనట్టూ కాదు. రెండిళ్ల మధ్యే తేడా వస్తుంది. మీ బోరుకి మీ టెస్టే.

ఫోటో చూశాను. మచ్చలు కుడీ ఎడమా ఒకేలా జంటగా ఉన్నాయి, ఫ్లోరోసిస్‌లో అలాగే ఉంటాయి, అయినా ఫోటో చూసి తేల్చను, డెంటిస్ట్ చూడాలి. ఒకటి గమనించండి, పాలపళ్లు ఊడాక వచ్చే ముందు పళ్ల పైపొర పిల్లలకి పుట్టినప్పటి నుంచి నాలుగైదేళ్ల దాకా చిగురు లోపలే తయారవుతుంది. మీ బోరు పడేసరికి బాబుకి రెండేళ్లు. అంటే ఇప్పుడు కనిపించే గీతలు అప్పుడు తాగిన నీళ్ల గుర్తులు కావొచ్చు, వాటిని తోమి పోగొట్టలేం (బొగ్గు, మిశ్రీ అనే పొగాకు పొడి పెట్టి రుద్దించారంటే ఉన్న పొర కూడా పోతుంది), పెద్దయ్యాక డెంటిస్ట్ సరిచేస్తారు. మీరు బాబు గురించి రాశారు గానీ నా కంగారంతా పాప గురించి, పాలపళ్ల తర్వాత వచ్చే ఆమె ముందు పళ్లు ఇప్పుడే లోపల తయారవుతున్నాయి. కాబట్టి రిపోర్ట్ వచ్చేదాకా పాపకి తాగే నీళ్లు, పాలల్లో కలిపేవి, అన్నం వండేవి వేరే చోటివి వాడండి, ఊర్లో టెస్ట్ అయిన నల్లా నీళ్లుంటే అవే మేలు. స్నానానికీ బట్టలకీ బోరు నీళ్లు వాడుకోండి, ఏం కాదు.

శాంపిల్ ఎలా అంటే, లీటరు ప్లాస్టిక్ నీళ్ల బాటిల్ తీసుకోండి, గాజుది వద్దు, ఫ్లోరైడ్ గాజుకి పట్టుకుంటుంది, కూల్‌డ్రింకుదీ నూనెదీ అస్సలొద్దు. మోటార్ ఆన్ చేసి పది నిమిషాలు వదిలేసి, ట్యాంకులోవి కాకుండా నేరుగా బోరు పైపు దగ్గర పట్టాలి, అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నిండుగా పట్టి మూతపెట్టి పైన తేదీ, ఊరు, బోరు లోతు రాయండి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి కిట్‌తో నీళ్లు చూడ్డం నేర్పించారు, గ్రామపంచాయతీలో అడగండి, అక్కడే రంగు చూసి చెప్పేస్తారు. కానీ కిట్‌తో ఆగకండి, జిల్లా నీటి ల్యాబ్‌లో బయటివాళ్ల శాంపిళ్లు కూడా తక్కువ ఫీజుకే తీసుకుంటారు. ఊరికే "నీళ్లు టెస్ట్ చేయండి" అనకుండా ఫ్లోరైడ్, నైట్రేట్, కాల్షియం, ఐరన్ అని పేర్లు చెప్పండి, కుదిరితే ఆర్సెనిక్, యురేనియం కూడా. క్రిముల టెస్ట్‌కి ల్యాబ్ వాళ్లిచ్చే వేరే బాటిల్ కావాలి.

పాత బావి శాంపిల్ కూడా ఇవ్వండి, దాన్ని మర్చిపోవద్దు. నాకైతే అందులో ఫ్లోరైడ్ తక్కువే ఉంటుందనిపిస్తోంది, అయితే బావులకి ఇంకో తంటా ఉంది, పశువుల కొట్టం, పత్తి చేలో వేసిన యూరియా వల్ల నైట్రేట్ దిగుతుంది. అది లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటితే డబ్బా పాలు తాగే పసిపిల్లలకి ప్రమాదం, ఒళ్లు నీలంగా మారుతుంది.

రిపోర్ట్‌లో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపుంటే సరే. వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు, కానీ చిన్నపిల్లలున్న ఇంట్లో నేనైతే 1 దాటనివ్వను. దాటి, బావి నీళ్లు కూడా పనికిరాకపోతే అప్పుడు కొనండి ఆర్వో, ముందే కాదు, ఎందుకంటే బావి నీళ్లు బాగుంటే ఆ పదిపదిహేను వేలు మిగిలినట్టే కదా.

అత్తమ్మగారి మోకాళ్లు వయసు వల్లే కావొచ్చు, ఆరేళ్ల నీళ్ల మీద తోసేయలేం. మోకాళ్లు వంచకుండా కింద రూపాయి బిళ్ల తియ్యమనండి, గడ్డం ఛాతీకి ఆనించమనండి, చేతులు తల వెనక్కి పెట్టమనండి. వెన్నూ మెడా పట్టేసి ఇవి కుదరకపోతే ఎక్స్‌రే తీయించాలి. టీలో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది, ఆమె రోజుకి ఐదారు కప్పులు తాగే మనిషైతే తగ్గించమనండి, పాలు, పెరుగు, ఆకుకూరలు పెంచండి. పాపకి టూత్‌పేస్ట్ బియ్యపు గింజంత చాలు, మింగకుండా చూడండి.

మే నెలలో నీళ్లు అడుగంటినప్పుడు ఒకసారి, వానలయ్యాక నవంబర్‌లో ఒకసారి మళ్లీ చేయించండి, అంకెలు మారతాయి. రెండు రిపోర్టులూ మరాఠీలో ఉన్నా ఫర్వాలేదు, ఫోటో తీసి పంపండి, ఏది బోరుదో ఏది బావిదో మాత్రం రాయండి.