పుంజు మనిషి మీద పడితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మా కోడిపుంజుకు ఏడాదిన్నర వయసు. పెరట్లోకి ఎవరు వచ్చినా ఎగిరి తంతుంది. బంతి కోసం గేటు తీసుకుని వచ్చిన పక్కింటి ఆరేళ్ల బాబుకు కంటి కింద గాయం చేసింది. మనుషుల మీద పడటం ఇది మూడోసారి. కేసు పెడతామని, పుంజు మళ్లీ కనబడితే చంపేస్తామని వారు అంటున్నారు. అడగకుండా లోపలికి వచ్చింది ఆ బాబే కదా, తప్పు మాదెలా అవుతుంది? పుంజును వదులుకోవడం మాకు ఇష్టం లేదు.

జవాబు: మీ లేఖలో మీరు తేలిగ్గా రాసిన ‘ఇది మూడోసారి’ అన్న మాటే మీ కేసులో అన్నిటికన్నా బరువైనది. కోడి పెంపుడు పక్షి గనుక అది పుట్టుకతోనే ప్రమాదకరమైనదని చట్టం భావించదు. అందువల్ల అది మొదటిసారి ఎవరినైనా గాయపరిచినప్పుడు, దానికి ఆ గుణం ఉన్నట్టు తనకు తెలియదని యజమాని చెప్పుకోవడానికి కొంత వీలుంటుంది. తెలిసిన తరువాత కూడా తగిన కట్టడి చేయకపోతే ఆ వాదన నిలవదు. పరిహారం కోరుతూ వారు సివిల్ దావా వేస్తే వాదోపవాదాలు ప్రధానంగా దీని చుట్టూనే నడుస్తాయి.

క్రిమినల్ బాధ్యతకు కొలత వేరు. తన అధీనంలోని జంతువు వల్ల మనిషి ప్రాణానికి గానీ, తీవ్ర గాయానికి గానీ ప్రమాదం కలిగే అవకాశం ఉన్నప్పుడు, తెలిసి గానీ నిర్లక్ష్యంతో గానీ జాగ్రత్త తీసుకోనివారికి భారతీయ న్యాయ సంహిత, 2023లోని 291వ సెక్షన్ ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. కంటి కింది గీత తీవ్ర గాయం కాకపోవచ్చు. అయితే ఒక కంటి చూపు శాశ్వతంగా పోవడం 116వ సెక్షన్ ప్రకారం తీవ్ర గాయమే. పుంజు ఎగిరి తన్నే ఎత్తుకు పిల్లల ముఖం అందుతుంది గనుక అటువంటి ప్రమాదం ఊహకు అందనిదని కోర్టులో అనలేరు.

అడగకుండా వచ్చాడన్న వాదన పెద్దవారి విషయంలో కొంత పనికివస్తుంది గానీ, ఆరేళ్ల పిల్లవాడి దగ్గర తేలిపోతుంది. చేతికందే గేటు తీసుకుని బంతి కోసం పిల్లలు రావడం ఎవరైనా ముందే అనుకోదగిన విషయం. హెచ్చరిక బోర్డు తగిలించి ఊరుకుంటే సరిపోదు. ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటున్న వయసుకు అది హెచ్చరికే కాదు, పైగా పుంజు గుణం మీకు తెలుసుననడానికి అదే సాక్ష్యమవుతుంది.

ఇక వారి బెదిరింపు సంగతి. పుంజు పిల్లవాడి మీద పడుతున్న క్షణంలో అతన్ని కాపాడబోయి కొట్టిన దెబ్బను చట్టం తప్పుపట్టకపోవచ్చు. తరువాత కక్షతో చంపడం, విషం పెట్టడం మాత్రం అదే న్యాయ సంహితలోని 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్షార్హమైన నేరం. ఈ మాట వారికి కోపంగా కాక, పెద్దమనిషి ఒకరి ద్వారా చెప్పించండి. బాబు వైద్య ఖర్చును మీరు ముందుగా భరించి, బాధ్యతను ఒప్పుకుంటున్నట్టు కాకుండా మానవతా దృష్టితో ఇస్తున్నట్టు రాసిన రసీదు తీసుకున్న తరువాత చెప్పిస్తే మరీ మంచిది.

ఉంచుకోదలిస్తే పుంజుకు, దాని పెట్టలకు వేరే దడి కట్టి, పిల్లల చేతికి అందని గొళ్లెం పెట్టండి. లోపలికి వెళ్లే ఇంటివారూ దాని తీరు తెలుసుకోవాలి. అది మనిషిని తన పెట్టల జోలికి వచ్చే పోటీదారుగా చూస్తుంది. రెక్క కిందికి వాల్చి పక్కవాటుగా అడుగులు వేయడం దాడికి ముందు అది ఇచ్చే సూచన. పరుగెత్తితే గెలిచాననుకుంటుంది, తంతే సవాలుగా తీసుకుంటుంది. అకారణంగా తన్నడం, కొట్టడం జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960లోని 11వ సెక్షన్ కిందికి కూడా వస్తుంది. నిదానంగా నిలబడి, మధ్యన ఒక అట్టముక్క అడ్డుపెట్టుకుని నెమ్మదిగా బయటికి రావడం మేలు. కాలి వెనక ముల్లును మొదలంటా కోయకండి, లోపల రక్తం పారే ఎముక ఉంటుంది. మొన మాత్రమే పశువైద్యుని చేత మొద్దు చేయించవచ్చు.

చివరికి వేరొకరికి ఇవ్వవలసి వస్తే, అది మనుషుల మీద పడుతుందని కాగితం మీద రాసి, తీసుకునేవారి సంతకంతో ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. దాచి ఇస్తే, అక్కడ జరిగే గాయానికి కూడా మిమ్మల్ని పిలిచే అవకాశం ఉంది.