ఆఫ్ఘన్ మహిళల హక్కుల మీద పనిచేస్తానంటోంది... అదీ ఒక కెరీరేనా?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో బీఏ ఫైనల్ ఇయర్. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవమంటే, ఆఫ్ఘనిస్థాన్‌లో ఉద్యోగాలు పోయిన ఆడవాళ్ల హక్కుల మీద పనిచేస్తానంటోంది. దీనికి ఏం చదవాలి? అక్కడికి వెళ్లాల్సి వస్తుందేమోనని మా ఆవిడకి ఒకటే టెన్షన్. – ఒక తండ్రి

జవాబు: ముందు మీ శ్రీమతి గారి టెన్షన్ సంగతి. ఈ పనిలో చాలా భాగం బయటి దేశాల నుంచే జరుగుతోంది. స్వచ్ఛంద సంస్థల్లో ఆఫ్ఘన్ మహిళలు పనిచేయకూడదని తాలిబన్లు 2022 డిసెంబర్‌లో ఆదేశించారు. 2023 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి ఆఫీసులకూ అదే వర్తింపజేశారు. కాబట్టి అమ్మాయి కాబూల్ వెళ్లే ప్రశ్న ఇప్పట్లో రాదు.

ఇక పని ఎలా ఉంటుందంటారా, ఎక్కువగా ఓపికతో చేసే కాగితాల పని. 2023 జులైలో అక్కడ బ్యూటీ పార్లర్లన్నీ మూయించారు. ఆ ఉత్తర్వు ఎప్పటిది, ఎవరిచ్చారు, మూతపడిన పార్లర్‌లో ఎంతమంది పనిచేసేవారు, వాళ్ల ఇళ్లలో సంపాదించేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా... ఇవన్నీ ఫోన్లో అడిగి, చెప్పినవాళ్ల పేర్లు బయటపడకుండా రాసిపెట్టాలి. ఇంట్లోనే ఉండమన్న ప్రభుత్వ ఉద్యోగినుల జీతాన్ని 2024లో నెలకు 5,000 అఫ్గానీలకు (అక్కడి కరెన్సీ) కుదించారు. ఇలాంటప్పుడు పాత జీతం స్లిప్పు ఒక్కటి దొరికినా ఆధారమే. అదే ఏడాది డిసెంబర్‌లో నర్సింగ్, మంత్రసాని చదువులు కూడా ఆపేశారు. కొన్నిచోట్ల మగ డాక్టర్లు ఆడవాళ్లను చూడకూడదంటూనే ఈ చదువులు ఆపడం ఏం లాజిక్కో!

ఇలాంటి ఆధారాలు కోర్టుల దాకా వెళ్తాయి. 2025 జులైలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు తాలిబన్ అధినేత హైబతుల్లా అఖుంద్‌జాదా మీద, ప్రధాన న్యాయమూర్తి అబ్దుల్ హకీం హక్కానీ మీద అరెస్టు వారెంట్లు ఇచ్చింది. స్త్రీలను, బాలికలను పీడించారన్నది ప్రధాన ఆరోపణ.

అందుకే నా ఓటు లాకే. జెండర్ స్టడీస్‌లో ఎంఏ మంచిదే గానీ, దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే ఉద్యోగం కష్టం. లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాయించి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయించండి. తర్వాత జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ పీజీ రాస్తే హైదరాబాద్‌లోని నల్సార్ లాంటి చోట ఎల్ఎల్ఎం చేయొచ్చు. ఈలోగా ఉద్యోగాల్లో వివక్ష మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 111వ ఒప్పందం చదవమనండి. ఆఫ్ఘనిస్థాన్ కూడా దాన్ని ఆమోదించిన దేశమే. చదువుతుంటే విసుగు రాకపోతే ఈ దారి ఆమెకు సరిపడినట్టే.

లా ఎంత ముఖ్యమో భాష కూడా అంతే. అక్కడి దరీ భాష అంటే ఫారసీయే. హైదరాబాద్‌లో ఉస్మానియాలోనూ, మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలోనూ ఫారసీ విభాగాలున్నాయి. లిపి దాదాపు ఒకటే కాబట్టి, అమ్మాయికి ఉర్దూ చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే.

డబ్బు సంగతి దాచను. మొదటి కొన్నేళ్లు జీతం తక్కువ, కాంట్రాక్టులూ చిన్నవి. 18 ఏళ్లు నిండాయి కాబట్టి యూఎన్ వాలంటీర్స్‌లో ఆన్‌లైన్ పనికి ఇప్పుడే అప్లై చేయొచ్చు, జీతం మాత్రం ఉండదు.

గ్రూప్స్ మీద మీ ఆశ కూడా వదులుకోనక్కర్లేదు. గ్రూప్-2లో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ పోస్టు ఉంటుంది. కార్మిక చట్టాలు చదివినవాళ్లకు ఆ పని కొత్తగా అనిపించదు. లాసెట్‌కి ఫైనల్ ఇయర్ వాళ్లూ అప్లై చేయొచ్చు, నోటిఫికేషన్ రాగానే ఫీజు కట్టించేయండి.