సోషల్ మీడియా యాప్‌లు తీసేస్తే ఫోన్ భద్రమేనా?

ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టా అన్నీ తీసేద్దామా అని అడిగారు. అక్కర్లేదండీ. కంపెనీవాళ్లు మన కబుర్లు చదివేస్తారని చాలామందికి టెన్షన్. వాట్సాప్ సంభాషణలకు 2016 నుంచే పూర్తి ఎన్‌క్రిప్షన్ ఉంది, అంటే పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప కంపెనీకి కూడా చదవడం కుదరదు. నా భయమంతా తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చే మెసేజ్ గురించే.

మా చిన్నాన్న వరి రైతు. ఊరి గ్రూపులో ఎరువుల కొట్టాయన నంబరు నుంచి పీఎం కిసాన్ పేరుతో ఒక ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వచ్చింది. ఏళ్లుగా అప్పు మీద ఎరువులిచ్చే మనిషి పంపితే ఎవరు అనుమానిస్తారు? నొక్కాడు. ఫోన్ హెచ్చరించింది, కానీ ఇంగ్లిష్‌లో. ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి అడిగితే అదీ ఇచ్చాడు. కాసేపటికి ఆయన వాట్సాప్ వేరెవరి ఫోన్‌లోనో తెరుచుకుంది. వాట్సాప్ తెరవడానికి ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఆరంకెల కోడ్‌ని ఆ దొంగ యాపే చదివి వాళ్లకు పంపేసింది. ఇక ఆయన పేరుతో అదే ఫైల్ బంధువులందరికీ, చివరికి వియ్యంకుడికి కూడా వెళ్లింది. పిన్ని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "అది నొక్కకండి బాబూ" అని బతిమాలుతూ కూర్చుంది. ఈలోగా పెట్టుబడికని ఖాతాలో దాచుకున్న డబ్బు పోయింది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మర్నాడు చేస్తే కొంతే ఆగింది.

బ్యాంకులో "ఓటీపీ ఎవరికి చెప్పారు?" అని అడిగిందే అడిగారు. ఆయన ఎవరికీ చెప్పలేదు! పోగొట్టుకున్నవాణ్ణే దోషిలా నిలబెట్టే ఈ పద్ధతి వల్లే చాలామంది ఫిర్యాదు చేయడం లేదని నా గట్టి నమ్మకం.

వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ (కోడ్‌తో పాటు అడిగే, మనమే పెట్టుకునే రహస్య అంకెలు) పెట్టుకుని ఉంటే వాట్సాప్ ఖాతా అయినా దక్కేది. ఆ పిన్ ఎస్సెమ్మెస్‌లో రాదు కాబట్టి ఇలాంటి యాప్ చదవలేదు. బ్యాంకు డబ్బును మాత్రం అది కాపాడదు.

ఇంకో మాట. చాలా యాప్‌లు కాంటాక్టులు అడుగుతాయి, మనం ఇచ్చేస్తాం. అవి మన నంబర్లు కావు కదా, ఇచ్చే హక్కు మనకెక్కడిది? 2021లో 53 కోట్లమందికి పైగా ఫేస్‌బుక్ వాడకందార్ల ఫోన్ నంబర్లు బయటపడ్డాయి. కాంటాక్టులు ఎక్కించి స్నేహితుల్ని వెతికే సదుపాయాన్ని వాడుకునే వాటిని లాగారని ఆ కంపెనీయే ఒప్పుకుంది. మీరు యాప్ తీసేసినా మీ నంబరు మీ మేనమామ ఫోన్‌లోంచి వెళ్తూనే ఉంటుంది.

అందుకని మీ ఫోన్ కన్నా ముందు ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు చూడండి. సెట్టింగ్స్‌లో ఎస్సెమ్మెస్ అనుమతి ఏయే యాప్‌లకుందో వెతకండి. దొంగ యాప్ తెర మీద తన బొమ్మ (ఐకాన్) కనబడకుండా దాక్కోవచ్చు, ఆ జాబితాలో మాత్రం దొరకొచ్చు. దొరికితే వెంటనే నెట్ ఆపి, దాన్ని తీసేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయిందని తెలిస్తే అన్నిటికన్నా ముందు 1930.