అల్లుడికి, కాఫీ రుచి చూడడం గురించి

అల్లుడా,

కప్పింగ్ స్పూన్ (కాఫీలు పక్కపక్కన పెట్టి రుచి చూసే గుండ్రటి స్పూన్) తెప్పించుకున్నావని అక్క, అదే మీ అమ్మ, చెప్పింది, "ఏది తాగినా చేదే తెలుస్తాంది మామా" అని నువ్వు పెట్టిన మెసేజ్ కూడా చూసినా. ఒక్క కప్పు ముందర పెట్టుకుంటే ఎవరికైనా అంతేరా. రెండో మూడో పక్కపక్కన పెట్టు, అరకు అరబికా ఒకటి, చిక్కమగళూరు అరబికా ఒకటి, చేదెక్కువుండే ఇంకో రకం గింజ రొబస్టా ఒకటి, అప్పుడు గానీ నాలుకకి తేడా చిక్కదు.

గింజలు తెచ్చుకుని అప్పటికప్పుడు ఆడించుకుంటే మేలు. పొడే దొరికితే మాత్రం ప్యాకెట్ మీద చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) ఎంతుందో చూడు, అది కలిసింది ఈ పనికి రాదు. లూజుగా తెచ్చినదాని మీద అనుమానముంటే గ్లాసులో చన్నీళ్ళు పోసి పైన చిటికెడు చల్లు, కాఫీ తేల్తుంది, చికోరీ రంగు వదుల్తా కిందికి దిగిపోతుంది. మన ఫిల్టర్ పొడి కంటే కొంచెం గరుకుగా ఉండాల.

ఇంక నీళ్ళు. అనంతపురం బోరు నీళ్ళతో చేస్తే అరకు కాఫీలో పులుపంతా చచ్చిపోతుంది, ఉప్పు నీళ్ళు కదా, అట్లని ఆర్వో మిషన్‌లో మరీ సారం లేకుండా తీసిన నీళ్ళైనా చప్పగానే ఉంటుంది. టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, 150 దగ్గర ఉంటే బాగుంటుంది, మీటర్ లేకపోతే క్యాన్ నీళ్ళు ఒకే రకంవి అన్ని కప్పులకీ వాడు, పోల్చడానికి అది చాలు.

ఒకే సైజు కప్పులు తీసుకో, స్టీలు గ్లాసులు వద్దు, చెయ్యి కాలుతుంది. 150 మిల్లీలీటర్ల నీళ్ళకి పొడి 8 గ్రాములకి కాస్త పైన, చిన్న డిజిటల్ కాటా మీద తూకం వేసుకో, స్పూన్ లెక్కలు నమ్మొద్దు. నీళ్ళు తెర్లినాక దించి అర నిమిషం ఆగి (93 డిగ్రీల దగ్గరికి వస్తుంది) పొడి మీద పోసి కదపకుండా వదిలెయ్. పైన తెట్టు కడుతుంది. 4 నిమిషాలకి ముక్కు కప్పు దగ్గర పెట్టి స్పూన్ వెనక వైపుతో ఆ తెట్టుని మూడుసార్లు నెట్టు, వాసనంతా అప్పుడే పైకి లేస్తుంది, ఆ ఒక్క క్షణం ఫోన్ చూస్తా కూచుంటే పోయినట్లే. తర్వాత నురగ తీసేసి, పది నిమిషాల దాకా ఓపిక పట్టు.

నువ్వు చేసే తప్పు ఇక్కడే అనుకుంటా, పొగలు కక్కుతా ఉండగానే నోట్లో పోసుకుంటావు. వేడి మీద అన్నీ ఒకటే మాదిరి ఉంటాయి. గోరువెచ్చగా అయ్యేకొద్దీ మంచి కాఫీలో తీపి బయటపడుతుంది, చెడ్డదైతే మాడు వాసన, చెక్క రుచి బయటపడతాయి. కాబట్టి ఒకసారి తాగి ఊరుకోకు, కొంచెంసేపాగి మళ్ళీ, చల్లారినాక ఇంకోసారి. స్పూన్ నిండా తీసుకుని సర్రుమని గట్టిగా జుర్రు, గాలితో కలిసి నోరంతా చల్లుకోవాల, ఇంట్లో ఎవరన్నా నవ్వినా పట్టించుకోవద్దు. కప్పుకీ కప్పుకీ మధ్య స్పూన్‌ని వేన్నీళ్ళలో ముంచు. ఉమ్మేయడానికి ఒక చెంబు పెట్టుకో, అన్నీ మింగితే రాత్రికి నిద్ర పట్టదు.

రాసుకునేటప్పుడు ప్యాకెట్ మీది బ్లూబెర్రీ, మల్లెపూలు కాపీ కొట్టొద్దబ్బా. నీకు తెలిసినవే రాయి: చీనీకాయ పులుపా, చింతపండు పులుపా, బెల్లమా, వేయించిన చెనిక్కాయలా, మాడిన చెనిక్కాయలా. చీనీకాయకీ చింతపండుకీ తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్లే.

మీ అమ్మతో ఒక ఆట పెట్టించుకో. మూడు కప్పులు, రెండిట్లో ఒకే కాఫీ, మూడోది వేరే, గుర్తులు కప్పు అడుగున, ఏది వేరేదో నువ్వు పట్టాల. మా అంగట్లో కొత్త పిల్లోళ్ళకి పెట్టేది ఇదే, పేరు చూసి పొగిడేవాళ్ళు దీంట్లో దొరికిపోతారు.

పొద్దున్నే టిఫిన్ కంటే ముందే చెయ్. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని కూచుంటే ఏ కాఫీ అయినా కారమే. మూడింటి నోట్సూ పంపు, పేర్లు రాయకుండా, రొబస్టా ఏదో నేను చెప్తా.

మీ మామ